మార్టిన్ లూథర్‌కు పునీత పట్టం: విన్నపం పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు ప్రాంతంలో తరతరాలుగా లూథరన్ కుటుంబం. నా భార్య పుట్టింటివారు ఆర్.సి.ఎం. (రోమన్ కతోలికులు). మా సభకు మూలపురుషుడైన జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్‌ను కతోలిక శ్రీసభ పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించడానికి చట్టప్రకారం వీలుందా? ఇక్కడి ఆర్.సి.ఎం. బిషప్ గారికి విన్నపం ఇవ్వవచ్చా? కాదంటే కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: ముందు కోర్టు సంగతి చెబుతాను. వెళ్లి లాభం లేదు. ఎవరికి పునీత పట్టం ఇవ్వాలన్నది పూర్తిగా మతవిషయం. అలాంటి వ్యవహారాలను తానే చూసుకునే హక్కును రాజ్యాంగం 26(బి) అధికరణం ఆ మతశాఖకే ఇచ్చింది.

ఇక శ్రీసభ చట్టం. కానన్ లా, అంటే కతోలిక సభ సొంత చట్టంలోని 1403వ సూత్రం ఈ వ్యవహారాన్ని ఒక ప్రత్యేక చట్టానికి వదిలింది. రెండవ జాన్ పాల్ పోపుగారు 1983 జనవరి 25న ఇచ్చిన శాసనం అందులో ముఖ్యమైనది. మామూలుగా విన్నపం వెళ్లవలసింది ఆ వ్యక్తి చనిపోయిన చోటి బిషప్‌కు. లూథర్ 1546 ఫిబ్రవరి 18న ఐస్లేబెన్‌లో కన్నుమూశారు. ఆ ఊరు ఇప్పుడు జర్మనీలోని మాగ్డెబుర్గ్ మేత్రాసనంలో (బిషప్ పరిధిలోని ప్రాంతంలో) ఉంది, కాబట్టి గుంటూరు బిషప్ గారికి పరిధి లేదు. విన్నపదారు ఖర్చులు భరించాలి, కేసును ముందుకు నడిపే ప్రతినిధిని (పోస్టులేటర్‌ను) నియమించుకోవాలి. చనిపోయి 30 ఏళ్లు దాటితే, ఇంత ఆలస్యం వెనుక మోసమేమీ లేదని బిషప్ తేల్చుకోవాలి. సాక్షులు బతికి లేరు గనుక చరిత్రకారుల కమిషన్ పత్రాల మీదే నడుస్తుంది. ఇంతవరకు దాటరానిదేమీ లేదు.

కేసు ఆగిపోయేది రచనల దగ్గర. ప్రచురితమైన ప్రతి రచనలోనూ విశ్వాసానికి, నీతికి విరుద్ధమైనది ఉందేమో వేదాంతులు చదివి చెప్పాలి. పదవ లియో పోపు 1520 జూన్ 15న లూథర్ బోధనల్లో 41 వాక్యాలను ఖండించారు. 1521 జనవరి 3న ఆయనను వెలివేశారు. న్యాయవాదిగా చూస్తే ఆ 1520 తీర్పులో ఒక లోపం కనిపిస్తుంది: 41 వాక్యాలనూ మూకుమ్మడిగా ఖండించారే తప్ప, ఏది వేదద్రోహం (సభ విశ్వాసానికి విరుద్ధమైన బోధ), ఏది కేవలం అనుచితం అని విడదీయలేదు. 'వేదద్రోహులను కాల్చడం పరిశుద్ధాత్మ చిత్తానికి విరుద్ధం' అన్నది వాటిలో 33వది! అయినా ఆ తీర్పును ఎవరూ రద్దు చేయలేదు. ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌ను 1431లో వేదద్రోహి అని కాల్చారు, 1456లో ఆ తీర్పు కొట్టేశారు, 1920లో ఆమె పునీతురాలైంది. లూథర్ విషయంలో ఆ మధ్య మెట్టు లేదు.

1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్‌లో కతోలికులు, లూథరన్లు కలిసి చేసిన ఉమ్మడి ప్రకటన సరిపోదా అని మీరు అడగవచ్చు. దాని పరిధి చూసి చదవాలి. విశ్వాసం వల్ల నీతిమంతులుగా తీర్చబడటమనే ఒక్క అంశం మీదే అది ఒప్పందం. పోపు అధికారం, పూజబలి, పునీతుల మధ్యవర్తిత్వం మీద భేదాలు అలాగే ఉన్నాయి.

చివరి అడ్డంకి ఇంకా లోతైనది. వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారు) కానివారికి ధన్యుడి పట్టానికి, అంటే పునీత పట్టానికి ముందు మెట్టుకు, ఒక అద్భుతం, ఆ తర్వాత పునీత పట్టానికి మరొకటి రుజువు కావాలి. ఆ వ్యక్తి ప్రార్థనా సహాయాన్ని కోరినందువల్ల జరిగిన అద్భుతమే లెక్కకు వస్తుంది. పునీతుల సహాయం కోరడాన్నే లూథరన్ల మూల విశ్వాస పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బుర్గ్ విశ్వాస ప్రకటన 21వ అధికరణం ఒప్పుకోదు. నిష్ఠగల లూథరన్ ఆ ప్రార్థన చేయరు.

వెలివేతను ముందు ఎత్తేయించాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వెలివేత బతికున్న మనిషిని దారికి తెచ్చేందుకు వేసే శిక్ష, చావుతో ముగిసిపోతుంది. శ్రీసభ ఎవరినీ నరకంలో ఉన్నారని ప్రకటించదు కూడా. పట్టం లేదంటే ఆయన రక్షణ మీద తీర్పు చెప్పినట్టు కాదు.

జర్మనీలోని ల్యూబెక్ నగరపు కేసు చూడండి. 1943 నవంబర్ 10న నాజీలు ముగ్గురు కతోలిక గురువులను, లూథరన్ పాస్టర్ కార్ల్ ఫ్రీడ్రిష్ స్టెల్‌బ్రింక్‌ను ఒకే రోజు శిరచ్ఛేదం చేశారు. 2011 జూన్ 25న గురువులు ముగ్గురికీ ధన్యుల పట్టం వచ్చింది. పాస్టర్‌ను గౌరవంగా స్మరించారు, పట్టం ఇవ్వలేదు. నాలుగు మెడలు ఒకే కత్తికి తెగినా చట్టం శ్రీసభలో సభ్యత్వం దగ్గర గీత గీసింది. నాకు ఇది బాధగానే ఉంటుంది.

గీత ఎప్పటికీ కదలదా? పోపు తలచుకుంటే కదులుతుంది, ఈ ప్రత్యేక చట్టానికి కర్త ఆయనే. 2015లో లిబియాలో చంపబడిన 21 మందిని, వారిలో దాదాపు అందరూ కతోలికేతరమైన ఈజిప్టు కాప్టిక్ సభవారైనా, ఫ్రాన్సిస్ పోపుగారు 2023లో రోమన్ వేదసాక్షుల పట్టికలో చేర్చారు. కానీ వారు ప్రాణమిచ్చిన వేదసాక్షులు. లూథర్ మంచం మీద కన్నుమూశారు, ఆయన బోధ మీద ఖండన ఉంది. ఈ ఉదాహరణ మీ విన్నపాన్ని నిలబెట్టదు.

మీ ఇంట్లో లూథర్ పటం పెట్టుకోవచ్చు, ఫిబ్రవరి 18న మీ గుడిలో ఆయనను స్మరించుకోవచ్చు. ఆర్.సి.ఎం. గుడిలో మాత్రం ఆయన పేర నవదిన ప్రార్థనలు, పీఠం మీద పటం కుదరవు. 1187వ సూత్రం ప్రకారం బహిరంగ గౌరవారాధన పట్టికకెక్కిన పునీతులకు, ధన్యులకు మాత్రమే. మీ భార్యగారి విచారణ గురువును (వారి గుడి ఫాదర్‌ను) ఇరుకున పెట్టే బదులు, మతసంస్కరణ దినమైన అక్టోబర్ 31న రెండు సభలవారూ కలిసి ప్రార్థించుకునేందుకు అనుమతి అడగండి. 2016లో అదే రోజున స్వీడన్‌లోని లుండ్‌లో ఫ్రాన్సిస్ పోపుగారు లూథరన్ నాయకులతో కలిసి ప్రార్థించారు. మీ విన్నపంలో ఆ సంగతి రాయండి.