గిటార్ కొనేముందు నీ వేలికొస చూసుకో

చిట్టితల్లీ,

మొదటి జీతంతో గిటార్ కొనుక్కుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత మళ్ళీ తీగ ముట్టుకునేది నువ్వేనని ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే ఇంకో మాట అంది: "దానివి చిన్న చేతులు కదా అన్నయ్యా, సన్న నెక్ ఉన్నది చూసుకుందట." ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

తేలికవి ముందు చెప్పేస్తాను. రంగు నీ ఇష్టం. శ్రుతి సరిచూసుకునే ట్యూనర్ తప్పకుండా తీసుకో. తీగలు ఒక సెట్ అదనంగా దగ్గర పెట్టుకో.

ఇక అసలు సంగతి. నెక్ అంటే ఎడమచేత్తో తీగలు నొక్కే పొడుగాటి మెడ. దాని పైకొసన, తీగలు బిగించే మరల తల మొదలయ్యే చోట, ఆరు గాడులున్న చిన్న పట్టీ ఉంటుంది. అదే నట్. అక్కడ తీగల మధ్య ఎంత చోటుంటుందో దాని వెడల్పు మీదే ఆధారం. స్టీలు తీగల అకూస్టిక్ గిటార్లకు ఎక్కువగా 43 లేదా 44.5 మి.మీ., ఎలక్ట్రిక్ వాటికి 42, 43, నైలాన్ తీగల క్లాసికల్‌కు 52 దాకా ఉంటుంది. 43 మి.మీ. నట్ మీద తీగకూ తీగకూ నడుమ సుమారు 7 మి.మీ. దొరుకుతుంది, 52 దాని మీద ఎనిమిదిన్నర. కాగితం మీద ఇదేం లెక్క అనిపిస్తుంది. వేలికి తెలుస్తుందమ్మా.

నా వేలికి తెలిసింది, నాకే తెలియలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు పాత ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి కొన్నాను. నట్ 40 మి.మీ. కూడా లేదు. నెక్ అరచేతిలో అలా ఇమిడిపోతే మురిసిపోయాను. A అనే కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు) పట్టాలంటే మూడు వేళ్ళూ రెండో ఫ్రెట్‌లోనే, అంటే నెక్ మీది అడ్డ లోహపు కడ్డీల మధ్య రెండో గడిలోనే, పక్కపక్కన ఇరుక్కోవాలి. నా ఉంగరపు వేలు ప్రతిసారీ కింది తీగను తాకేది, అది మోగకుండా టప్పుమనేది. వేలు నిలబెట్టాను, మణికట్టు వంచాను, ఇంకా గట్టిగా నొక్కాను. రోజుకు నాలుగు గంటలు. మునివేళ్ళు కాయలు కాచాయి గానీ ఆ తీగ మోగలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మన ఇంట్లో అందరి నోటా ఉండేది కదా, వాయిద్యాన్ని తప్పుపట్టడానికి నాకు సిగ్గేసింది. మద్దెల నిజంగానే ఓడై ఉండొచ్చని ఒక్కసారి కూడా తోచలేదు.

ఆఖరికి ఆకురాయి పట్టుకుని, చివరి గాడిని అంచు వైపు జరుపుదామని నట్ నేనే అరగదీశాను. చోటు పెరిగింది నిజమే. తీగను కాస్త కదిపితే చాలు, ఫ్రెట్ల అంచు దాటి పక్కకు జారిపోయేది. నట్ పాడైంది. అప్పటికే పొద్దున్నే లేస్తే ఎడమ మణికట్టు మొద్దుబారి ఉండేది. ఈ చేతికి సంగీతం రాదని తేల్చుకుని గిటార్ అటక మీద పెట్టేశాను. తొమ్మిదేళ్ళు.

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో, అతను లోపలికెళ్ళిన రెండు నిమిషాల్లో, గోడకు ఆనించి ఉన్న క్లాసికల్ గిటార్ ఊరికే ఒళ్ళోకి తీసుకుని అదే A కార్డ్ పట్టాను. కింది తీగ మోగింది. మళ్ళీ పట్టాను, మళ్ళీ మోగింది. అతను వచ్చేసరికి నా కళ్ళు తడిగా ఉన్నాయి. పోయిన ఆ తొమ్మిదేళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే అరుస్తున్నాను, ఏమనుకోకు. చెయ్యి చిన్నదైతే వేలు సన్నదని ఎవరు చెప్పారు నీకు? చిన్నప్పుడు నా చిటికెన వేలు పట్టుకుని నడిచేదానివి, నీ వేలికొసలు నాకు బాగా గుర్తు. పొట్టివే, కానీ నావిలా వెడల్పు. చోటు కావాల్సింది ఆ కొసలకు. పొట్టి వేళ్ళకు దూరం అందడమే కష్టమైతే చూడాల్సింది స్కేల్, అంటే నట్ నుంచి, కింద తీగలు ఆనే బ్రిడ్జ్ దాకా తీగ పొడవు. 650 మి.మీ. స్కేల్‌లో మొదటి ఫ్రెట్ 36 మి.మీ. పైచిలుకు దూరంలో ఉంటుంది, 628 దానిలో 35. కింది ఫ్రెట్లూ అదే నిష్పత్తిలో దగ్గరవుతాయి.

ఇంకొకటి. ప్రకటనల్లో సన్న నెక్ అని రాస్తే చాలాసార్లు అది మందం సంగతి, వెడల్పు సంగతి కాదు. రెండూ వేరు. నట్ 44.5 ఉండి, వెనక పలచగా ఉన్న నెక్ దొరుకుతుంది. నీకు సరిపోయేది అదేనని నా మనసు చెబుతోంది. 52 మాత్రం నీకు వద్దు, బొటనవేలు వెనక నిలవక మణికట్టు వంచేస్తావు.

కొత్త గిటార్‌లో నట్ గాడులు లోతు చాలక తీగలు ఎత్తుగా ఉండటం మామూలే. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడు. వెంట్రుకంత ఉంటే చాలు. ఎక్కువుంటే పని తెలిసినవాళ్ళ చేత సరిచేయించు. ఆకురాయి మాత్రం నువ్వు ముట్టుకోకు.

చెయ్యి తిమ్మిరెక్కితే అక్కడితో ఆపెయ్. ఇంకో పది నిమిషాలని మొండికెయ్యకు. నీది మొండితనమని నాకు తెలుసు, ఎవరి పోలికో కూడా తెలుసు.

ఆర్డర్ ఇంకా పెట్టలేదుగా? ఈ ఆదివారం ఒకసారి రా. నా దగ్గరున్నది 44.5. A కార్డ్ పట్టి చూడు, నేను పక్కన కూర్చుంటాను. ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకుని రా.

మీ మామయ్య