పాత అంబాసిడర్ బ్రిడ్జి ఎక్కుతుంటే కణకణ కొడుతున్నది, టైమింగ్ ఎట్ల పెట్టాలె?

మీరు రాసిన లెక్క ప్రకారం బండి హన్మకొండల ఉన్న పెట్రోల్ అంబాసిడర్, 1489 సీసీ ఇంజన్, పాయింట్ (తెరుచుకున్నప్పుడు స్పార్క్ పుట్టించే స్విచ్చు) ఉన్న డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది). పాయింట్ మార్పించి టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కట్టించినంక ఐడ్లింగ్ మంచిగైంది. కానీ నలుగురు కూసొని కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ కణకణ కొడుతున్నది, వేడి మీద సెల్ఫ్ కొడితే ఎదురు తంతున్నది.

ఈ రెండు గుర్తులు ఒక్కసారి వచ్చినయంటే మొదటి అనుమానం టైమింగ్ ముందుకు పోయిందనే. చెవితోని కట్టే అలవాటు వల్లనే ఎక్కువసార్లు ఇట్ల అయితది. ఇంజన్ ఐడ్లింగుల పెట్టి, డిస్ట్రిబ్యూటర్ అటు ఇటు తిప్పి, రేస్ ఎక్కడ ఎక్కువ వినపడితే అక్కడ బిగించేస్తరు. లోడ్ లేనప్పుడు సిలిండర్లకు పోయేది కొంచెం పెట్రోలు-గాలి సరుకే, అది నిదానంగ మండుతది. అందుకే స్పార్క్ ఎంత ముందు ఇస్తే ఇంజన్ అంత ఖుషీగ తిరుగుతది. యాక్సిలరేటర్ నిండ తొక్కితే కథ వేరే. సిలిండర్ నిండుతది, మంట జోరుగ పాకుతది, పిస్టన్ ఇంకా పైకి వస్తుండంగనే ప్రెషర్ ఎక్కిపోతది. షెడ్డు ముందర నిలబెట్టి చూస్తే ఈ తప్పు దొరకదు, బ్రిడ్జి మీదనే దొరుకుతది.

అయితే డిస్ట్రిబ్యూటర్ మీద ఇప్పుడే చెయ్యి పెట్టకండి. ముందు పాయింట్ గ్యాప్ చూడండి. గ్యాప్ పెరిగితే పాయింట్ తొందరగ తెరుచుకుంటది, టైమింగ్ ముందుకు పోతది. గ్యాప్ తగ్గితే వెనకకు వస్తది. కాబట్టి గ్యాప్ సరిచెయ్యకుండ పెట్టిన టైమింగ్ లెక్కలోకి రాదు. లూకాస్ డిస్ట్రిబ్యూటరుకు గ్యాప్ 0.014 నుంచి 0.016 ఇంచులు, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. షెడ్డులల్ల చాలామంది హాక్సా బ్లేడు పెట్టి గ్యాప్ కడతరు. ఆ బ్లేడు మందం 0.025 ఇంచుల దగ్గర్ల ఉంటది. అది ప్లగ్గు గ్యాపుకు సరిపోతది గానీ పాయింటుకు పనికిరాదు. మీ బండికి కూడా అదే జరిగి ఉండొచ్చు. ఫీలర్ గేజ్ పెద్ద ఖర్చు కాదు, ఒకటి కొనండి.

గ్యాప్ చూసేటప్పుడు ఇంజన్ తిప్పి, పాయింట్ మడమ (రాసుకునే భాగం) క్యామ్ (డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు మీద నాలుగు మూలలున్న భాగం) మూల మీద సరిగ్గ ఎక్కేటట్టు నిలపాలె. పాత పాయింటుకు ఒక దిక్కు బొడిపె, ఇంకో దిక్కు గుంత పడి ఉంటది. గేజ్ బొడిపె మీద ఆనుతది, అసలు గ్యాప్ మీకు కనపడేదాని కంటే ఎక్కువే ఉంటది. అట్లున్న పాయింటును గీకి వాడేకంటే మార్చుడే నయం. బొడిపె, గుంత తొందర తొందరగ వస్తుంటే పాయింట్ కంపెనీని తిట్టకండి, కండెన్సర్ (పాయింట్ మీద మెరుపును తగ్గించే చిన్న డబ్బా) మార్చండి. కొత్త పాయింటును పెట్రోల్ గుడ్డతో తుడిచి, క్యామ్ మీద గోరు మీద పట్టేంత గ్రీజు రాయండి. ఎక్కువ రాస్తే ఎగిరి పాయింట్ల మధ్యల పడి మిస్సింగ్ వస్తది.

రోటర్ను (డిస్ట్రిబ్యూటర్ క్యాపు కింద తిరిగే ముక్కను) పట్టుకొని షాఫ్టును పక్కకు ఊపి చూడండి. కటకట ఆడుతుంటే బుష్ అరిగింది, గ్యాప్ ఒక్కో మూల మీద ఒక్కో తీరుగ వస్తది, అట్లాంటి దానికి ఎవరు కట్టినా టైమింగ్ నిలబడదు. ఆట లేకుంటే రోటర్ను అది తిరిగే దిక్కు కొంచెం మెలిపెట్టి వదలండి, టక్కున వెనకకు రావాలె. సోమరిగ వచ్చిందంటే స్పీడును బట్టి స్పార్కును ముందుకు జరిపే లోపలి బరువుల స్ప్రింగులు సాగినయి, లేకుంటే తుప్పు పట్టింది. స్ప్రింగులు సాగిన బండిల టైమింగ్ సరిగ్గ పెట్టినా స్పీడ్ ఎక్కంగనే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరుగుడు) తొందరపడి కొడతది. వ్యాక్యూమ్ పైపును (ఇంజన్ గాలి పీల్పుతో స్పార్కును జరిపేదాన్ని) నిండ తొక్కినప్పటి నాకింగుకు, అంటే ఆ కణకణకు, అనుమానించకండి, అప్పుడు వ్యాక్యూమే ఉండదు. దాని గాలిసంచి చిరిగితే దెబ్బ పడేది మైలేజీకి.

ఇప్పుడు టైమింగ్. నాలుగు ప్లగ్గులు తీసేయండి, ఇంజన్ చేతితో తేలికగ తిరుగుతది. తిప్పేది రాడ్డు హ్యాండిలుతోనైతే బొటనవేలును మిగతా వేళ్ల పక్కకే పెట్టుకోండి, హ్యాండిల్ చుట్టు వేయకండి. ప్లగ్గులున్న ఇంజన్ ఎదురు తన్నిందంటే ముందు విరిగేది ఆ వేలే. రేడియేటర్ దిక్కున్నది ఒకటో సిలిండర్. దాని ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టి తిప్పితే గాలి వేలును నెట్టినప్పుడు కంప్రెషన్ మొదలైనట్టు. క్రాంక్ పుల్లీ అంచుకు చిన్న గాడి ఉంటది. టైమింగ్ కవర్ అడుగున మూడు ముక్కులుంటయి. పొడుగుది పిస్టన్ పూర్తి పైకొచ్చిన చోటు, మిగతా రెండు దానికి 5, 10 డిగ్రీల ముందు. గాడిల సుద్ద రాస్తే కింది నుంచి చూసినా కనపడతది. మీ బండి హ్యాండ్‌బుక్కుల అంకె ఉంటే అదే పెట్టండి, లేకుంటే 5 డిగ్రీల ముక్కు దగ్గర మొదలుపెట్టండి. ముక్కులు విరిగి ఉంటే పుల్లీ చుట్టుకొలతను టేపుతో కొలిచి 360తో భాగించండి. చుట్టు 400 మిల్లీమీటర్లుంటే ఒక డిగ్రీకి 1.1, అంటే 5 డిగ్రీలకు ఐదున్నర మిల్లీమీటర్లు.

గాడిని ముక్కుకు ఎప్పుడూ ముందుకు తిప్పుకుంటనే తేవాలె. దాటిపోతే పావు చుట్టు వెనకకు పోయి మళ్ల రావాలె. లేకుంటే టైమింగ్ చైన్ సడలు మీ లెక్కలకు ఎక్కుతది. అక్కడ రోటర్ క్యాపుల ఒకటో వైరు దిక్కు చూస్తుండాలె. నాలుగో వైరు దిక్కుంటే ఇంకో చుట్టు తిప్పండి. ఫైరింగ్ వరుస 1-3-4-2, రోటర్ గడియారానికి ఎదురు దిక్కు తిరుగుతది.

12 వోల్టుల చిన్న బల్బుకు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కన సన్న వైరు వచ్చే టెర్మినలుకు, ఇంకోటి ఎర్తుకు (ఇంజన్ ఇనుముకు) పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. క్లాంప్ బోల్టు వదులు చేసి, బాడీని రోటర్ తిరిగే దిక్కు తిప్పితే బల్బు ఆరుతది. అక్కడి నుంచి గడియారం దిక్కు వెంట్రుకవాసి వెంట్రుకవాసిగ తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్ తెరుచుకున్న క్షణం, అక్కడనే బిగించండి. తర్వాత ఇంజన్ రెండు చుట్లు తిప్పి, బల్బు సరిగ్గ ముక్కు మీదనే వెలుగుతున్నదా చూడండి. బిగించేటప్పుడు బాడీ జరిగి, ఈ పరీక్షల తప్పు బయటపడేది చాలాసార్లు ఉంటది. పని అయిపోంగనే కీ ఆఫ్ చేయండి. పాయింట్ మూసుకొని ఉంటే కాయిల్ ఊకెనే కాలుతది.

టైమింగ్ లైట్ (ఒకటో ప్లగ్గు స్పార్కుతో మెరిసే లైటు) దొరికితే వ్యాక్యూమ్ పైపు పీకి, దాని మూతి మూసి, ఐడ్లింగ్ బాగ తగ్గించి చూడండి. రేస్ ఎక్కువుంటే బరువులు విచ్చుకొని అంకె దొంగలెక్క చూపిస్తది. గాడి ఒక్కచోట నిలవకుండ దుంకుతుంటే మళ్ల బుష్ దగ్గరికే రావాలె.

రోడ్డు మీద చూసుడు పొద్దుగాల చల్లటి ఇంజనుతో వద్దు. మధ్యాహ్నం, ఇంజన్ బాగ వేడెక్కినంక, మనుషులను ఎక్కించుకొని, టాప్ గేరుల 40 మీద ఉన్నప్పుడు బ్రిడ్జి ఎక్కుకుంట నిండ తొక్కండి. ఒక్క క్షణం సన్నగ వినపడి పోతే ఫరవాలేదు. కొడుతనే ఉంటే 1 డిగ్రీ వెనకకు, మళ్ల చూసి ఇంకో డిగ్రీ. పాత లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకు పక్కన ఎ (ముందుకు), ఆర్ (వెనకకు) అని అచ్చుకొట్టి గరుకు అంచు నట్టు ఉంటది. క్లాంప్ ముట్టకుండ దాన్ని ఆర్ దిక్కు 11 టిక్కులు తిప్పితే 1 డిగ్రీ వెనకకు వస్తది. బల్బుతో పెట్టేముందు ఈ నట్టును మధ్యల ఉంచుకుంటే రెండు దిక్కులా జాగ ఉంటది.

భయంతోని మరీ వెనకకు తేకండి. పికప్ చస్తది, సైలెన్సర్ల పటపటమంటది, ఎగ్జాస్ట్ అతిగ కాగుతది, మే నెల ఎండల రేడియేటర్ తట్టుకోదు. ఇంకో మాట, ఇప్పటి పెట్రోలుల 20 శాతం దాక ఇథనాల్ ఉంటున్నది. కార్బొరేటర్ల పాత జెట్లకు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలకు) ఆ పెట్రోలుతో మిశ్రమం పల్చబడతది, గేరు వేసి కదిలేటప్పుడు తడబడతది. ఆ తడబాటును చూసి టైమింగ్ ముందుకు జరిపేటోళ్లున్నరు. నాకింగ్ మళ్ల మొదలైతది, తడబాటు అట్లనే ఉంటది. దానికి కార్బొరేటర్నే చూడాలె.

కొత్త పాయింట్ మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లల్ల అరిగి కుదురుకుంటది, గ్యాప్ తగ్గుతది, టైమింగ్ దానంతట అదే కొంచెం వెనకకు వస్తది. 500 కిలోమీటర్లు తిరిగినంక క్యాప్ తీసి గేజ్ పెట్టి చూడండి. గ్యాప్ మార్చాల్సి వస్తే బల్బు కూడా మళ్ల పెట్టాల్సిందే.