భోపాల్ గ్యాస్ దుర్ఘటన ప్రభావం ఇంకా ఉందా? పదకొండేళ్ళు అక్కడ ఉండి చూసింది చెబుతాను

"1984 నాటి భోపాల్ గ్యాస్ లీక్ ప్రభావం ఇప్పటికీ ఉందా, నష్టపరిహారం ఇచ్చాక అంతా అయిపోయినట్టేనా?" అని అడిగారు. అయిపోలేదండీ. ఉద్యోగరీత్యా 1998 నుంచి 2009 దాకా నేను భోపాల్‌లో ఉన్నాను. అక్కడ దగ్గరగా చూసింది చెబుతాను.

వెళ్ళిన కొత్తలో ఒక మాట నాకు వింతగా వినిపించేది. మనం వడదెబ్బ తగిలింది అన్నట్టు, పాత భోపాల్ వాళ్ళు ఫలానావాళ్ళకి "గ్యాస్ తగిలింది" అంటారు. పెళ్ళిళ్ళు, పుట్టిన రోజులు కూడా "గ్యాస్‌కి ముందు", "గ్యాస్ తర్వాత" అనే లెక్క. మా మెయింటెనెన్స్ సెక్షన్‌లో నాతో పనిచేసిన ఒక ఫిట్టర్‌కీ గ్యాస్ తగిలింది. అప్పటికి అతనికి పదకొండేళ్ళు, ఇల్లు ఫ్యాక్టరీకి దగ్గర బస్తీలో. డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక, పక్కింట్లో ఎండుమిరపకాయలు కాలుస్తున్నారేమో అన్నంత ఘాటుకి అందరూ దగ్గుతూ లేచారట. తలుపు తీసి పరిగెత్తారు. ఎటు పరిగెత్తాలో చెప్పినవాళ్ళు లేరు. గాలి వీస్తున్న వైపే పరిగెత్తారు. ఆ గ్యాస్ గాలికంటే బరువు, నేలని అంటిపెట్టుకుని పోతుంది. అందుకే ఎత్తు తక్కువ ఉన్న పిల్లలకి ఎక్కువ తగిలింది. వాళ్ళ చెల్లెలు తెల్లారేసరికి లేదు. నాన్న నాలుగేళ్ళు దగ్గుతూ బతికి, ఆ తర్వాత చనిపోయాడు. ఆసుపత్రుల్లో డాక్టర్లకి వచ్చింది ఏ గ్యాసో, దేనికి ఏ మందు ఇవ్వాలో కూడా తెలియని రాత్రి అది.

అసలు ఏం జరిగిందంటే, యూనియన్ కార్బైడ్ అనే అమెరికా కంపెనీకి చెందిన పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబర్ ట్యాంకులో సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ అనే విష రసాయనం ఉంది. అందులోకి నీళ్ళు చేరాయి. రసాయన చర్యతో వేడి, పీడనం పెరిగి గ్యాస్ ఎగదన్నింది. నీళ్ళు ఎలా చేరాయన్నదాని మీద వాదన నడిచింది, ఎవరో కావాలనే చేసిన విద్రోహమని కంపెనీ అంది. మెయింటెనెన్స్‌లోనే జీవితం గడిపినవాడిగా నాకు అంతకంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. ట్యాంకుని చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్ నెలల కిందటే ఆపేశారు. గ్యాస్‌ని కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్‌కి వెళ్ళే పైపు ముక్క రిపేరు కోసం తీసి ఉంది. గ్యాస్‌ని కడిగి విషం తగ్గించాల్సిన స్క్రబ్బర్ నడవకుండా స్టాండ్‌బైలో ఉంది. ఇవన్నీ పనిచేస్తూ ఉంటే అంత ప్రాణనష్టం జరిగేది కాదనే నా నమ్మకం. రాజ్‌కుమార్ కేశ్వానీ అనే స్థానిక జర్నలిస్టు 1982 నుంచే ఈ ఫ్యాక్టరీ ప్రమాదకరమని రాస్తూ వచ్చారు. పట్టించుకోలేదు.

ఇక మీరు అడిగిన నష్టపరిహారం. 1989లో 47 కోట్ల డాలర్లకి సెటిల్మెంట్ అయింది. అప్పుడు వేసుకున్న అంచనా సుమారు 3,000 మరణాలు, లక్ష మంది బాధితులు. తర్వాత క్లెయిములు తేల్చేసరికి పరిహారం దక్కినవాళ్ళు 5,73,000 మందికి పైగా తేలారు. అందులో మరణాలే 5,295. డబ్బు మాత్రం అదే. ఐదు లక్షల ఇరవై వేలకు పైగా జనాన్ని "స్వల్ప గాయం" అనే ఖానాలో రాశారు. మా ఫిట్టర్ కూడా ఆ ఖానాలోనే ఉన్నాడు. మొదట పాతిక వేలు, 2004 తర్వాత ఇంకో పాతిక వేలు వచ్చాయి, అంతే. ఆ స్వల్ప గాయం మనిషి మా వర్క్‌షాపు మెట్లు సగం ఎక్కి రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయేవాడు. చలికాలం వస్తే రాత్రి డ్యూటీ వేయొద్దని బతిమాలేవాడు. వాడి ముందు ఆ రెండు ముక్కలు పలకడానికి నాకు సిగ్గుగా ఉండేది. దీర్ఘకాల ప్రభావాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరిశోధన 1994లోనే ముగించారు, జబ్బులు మాత్రం ఆ తర్వాతా సాగాయి. 2010లో ఏడుగురు కంపెనీ అధికారులకి రెండేళ్ళ శిక్ష పడింది, అదే రోజు బెయిల్. కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ విచారణకి రాకుండానే 2014లో చనిపోయాడు. అదనపు పరిహారం కోసం, పాత తీర్పుని ఆఖరిసారి మళ్ళీ చూడమని వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. నీళ్ళ గొడవ వేరు, గ్యాస్ గొడవ వేరు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ వ్యర్థాలని ఆవరణలో, బయటి చెరువుల్లో పారబోశారు. అవి భూగర్భ జలంలోకి దిగాయి. ఆ రాత్రి ఊళ్ళో లేనివాళ్ళు, తర్వాత వచ్చి స్థిరపడ్డవాళ్ళు కూడా ఆ బోరు నీళ్ళు తాగారు. మంచినీళ్ళు ఇవ్వమని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అప్పట్లో మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి ట్యాంకర్ వచ్చే రోజు సెలవు అడిగేది, బిందెలు పెట్టడానికి. ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోనే ఇంకో ఊరు పీథంపూర్ తీసుకెళ్ళి, తర్వాత కాల్చేశారు. భూమిలోకి ఇంకింది ఇంకా అక్కడే ఉంది.

2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు టీవీ ముందు కూర్చుని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా పిన్నివాళ్ళు ఆ దగ్గర్లోనే ఉంటారు. పొద్దున్నే భోపాల్ నుంచి ఫిట్టర్ ఫోన్ చేశాడు. "భాయ్ సాబ్, మీవాళ్ళు బాగున్నారా? గాలికి అడ్డంగా పోయి, మొహానికి తడిగుడ్డ పెట్టుకోమనండి" అన్నాడు. పిన్నిని అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈరోజు తేదీ వేసిన చీటీ అడిగి తీసుకోమనండి. పేరు, తేదీ, గ్యాస్ వల్ల వచ్చారని రాయించుకోవాలి. మా అమ్మకి ఆ ఒక్క చీటీ లేక ఆరేళ్ళు తిరిగాం" అన్నాడు.

వెంటనే మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. రాయించుకున్నారు. ఆ చీటీ, ఎక్స్‌రేతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇప్పటికీ పిన్ని బీరువాలోనే ఉంది.