మీరు అడిగారు: జో మ్యోంగ్‌హీ ఎవరు?

ప్రశ్న: కొరియా సీరియల్స్ చూసి చూసి ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. పోయిన సంచికలో మీరు జో మ్యోంగ్‌హీ అని ఒక పేరు చెప్పి, 'రష్యాలో చనిపోయిన కొరియా కవి, నాటకకర్త' అని ఒక్క ముక్కతో వదిలేశారు. ఎవరండీ ఆయన? కొరియా ఆయనకి రష్యాలో ఏం పని?
(డిగ్రీ విద్యార్థిని, గుంటూరు)

జవాబు: నిజమేనమ్మా, ఒక్క ముక్కతో వదిలేయాల్సిన మనిషి కాదు. ఈసారి తీరిగ్గా చెప్తాను.

ఆయన 1894లో కొరియాలోని జించన్ అనే ఊళ్లో పుట్టారు. పేరుకి పెద్ద వంశమే, ఇంట్లో మాత్రం లేమి. ఆయనకి పదహారేళ్లప్పుడు, 1910లో, జపాన్ ఆ దేశాన్ని కలిపేసుకుంది. 1919 మార్చిలో స్వాతంత్ర్యం కావాలని కొరియా మొత్తం వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయనా వెళ్లి జైలుపాలయ్యారు, బయటికొచ్చాక అదే ఏడాది టోక్యోకి చదువుకోడానికి వెళ్లారు. తమ దేశాన్ని ఆక్రమించినవాళ్ల రాజధానికే వెళ్లడం ఏంటని అనుకోకండి, అప్పట్లో కొరియా కుర్రాళ్లకి పెద్ద చదువు కావాలంటే ఎక్కువగా ఉన్న దారి అదే.

టోక్యోలో కిమ్ ఊజిన్ అనే మరో విద్యార్థితో, ఇంకొందరితో కలిసి 1920లో ఒక నాటక సంఘం పెట్టారు. 1921 వేసవి సెలవుల్లో ఆ కుర్రాళ్లు కొరియా వచ్చి ఊరూరా తిరిగి ప్రదర్శించిన నాటకాల్లో మ్యోంగ్‌హీ రాసిన 'కిమ్ యోంగిల్ మరణం' ఒకటి. కథ చాలా చిన్నది. టోక్యోలో చదివే ఒక పేద కొరియా కుర్రాడికి దారిలో పర్సు దొరుకుతుంది, అది డబ్బున్న తోటి కొరియా విద్యార్థిదని తెలిసి తీసుకెళ్లి ఇచ్చేస్తాడు. ఈలోగా అమ్మకి సీరియస్‌గా ఉందని ఇంటి నుంచి టెలిగ్రామ్. ఊరెళ్లడానికి చార్జీలు అప్పివ్వమని ఆ పర్సు గల కుర్రాడినే అడిగితే వాడు ఇవ్వనంటాడు, మాటామాటా పెరుగుతుంది, పోలీసులొస్తారు, సోదాలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఉన్న ఒక కాగితం బయటపడుతుంది. జైల్లో జబ్బుపడి చివరికి చనిపోతాడు. నాకు ఇందులో బాగా పట్టుకున్నది ఏంటంటే, చార్జీలు ఇవ్వనన్నవాడు జపాన్ వాడు కాదు, సాటి కొరియా వాడే. ఇరవై ఏడేళ్ల వయసులో, వలస పాలనలో ఉండి, ఆ మాట రాయాలంటే ధైర్యం కావాలి.

డబ్బుల్లేక చదువు మధ్యలోనే ఆపేసి 1923లో ఇంటికొచ్చారు. ఆ ఏడాదే ఆ నాటకం పుస్తకంగా వచ్చింది, మరుసటి ఏడాది కవితల పుస్తకం 'వసంతపు పచ్చిక మీద' వచ్చింది. 1925లో 'కాప్ఫ్' అనే కార్మికపక్ష రచయితల సంఘంలో చేరారు. జపాన్ పోలీసుల నిఘా పెరుగుతూ పోయింది. 1928 ఆగస్టులో సరిహద్దు దాటి సోవియట్ రష్యాకి వెళ్లిపోయారు. అక్కడ కొరియా వాళ్లు కొత్తేం కాదు, 1860ల నుంచే కరువుకి తట్టుకోలేని రైతులు తూమెన్ నది దాటి అటు వెళ్లి ఊళ్లు కట్టుకున్నారు. మ్యోంగ్‌హీ వాళ్ల బళ్లల్లో పాఠాలు చెప్పారు, 'సొన్‌బోంగ్' అనే కొరియా పత్రికకి రాశారు. వెళ్లిన ఏడాదే రాసిన వచన కవిత 'తొక్కేసిన కొర్యో' అక్కడి కుర్రకారుకి నోటికొచ్చేదంటారు. కొర్యో అంటే కొరియాకి పాత పేరు. 1934లో సోవియట్ రచయితల సంఘంలో సభ్యత్వం కూడా వచ్చింది.

ప్రశ్న: ఈయనకి మన ఠాగూర్ అంటే ఇష్టమని ఎక్కడో చదివాను. నిజమేనా, లేక మనవాళ్లు తగిలించిందా?
(రిటైర్డ్ టీచర్, ఖమ్మం)

జవాబు: నిజమే మాస్టారూ, తగిలించింది కాదు. టోక్యోలో టోయో యూనివర్సిటీలో ఆయన చేరిందే భారతీయ తత్వశాస్త్రం చదవడానికి. ఠాగూర్ 'గీతాంజలి' ఆయన్ని బాగా కదిలించింది, తొలి కవితల్లో ఆ ఛాయ తెలిసిపోతుంది. 'వసంతపు పచ్చిక మీద' అనే కవితే చూడండి. పసివాడు తల్లి ఒళ్లో గారాలు పోయినట్టు పచ్చిక మీద దొర్లుతుంటాడు, ఇది మా అమ్మ చూస్తే ఎంత బావుణ్ణు అనుకుంటాడు, ఆగలేక 'అమ్మా అమ్మా' అని అరుస్తాడు. నేలా పలుకుతుంది, ఆకాశమూ పలుకుతుంది. ఇద్దరిలో తన తల్లి ఎవరో వాడికి తెలియదు. కవిత అంతే.

అయితే ఆయన అక్కడే ఆగిపోలేదు. ఇంటికొచ్చి పస్తులుంటున్న పిల్లల్ని చూశాక ఠాగూర్ దారిలో వెళ్లాలా, గోర్కీ దారిలో వెళ్లాలా అని తనతో తను చాలా పోట్లాడుకున్నారు, 1927లో దాన్ని దాపరికం లేకుండా రాసుకున్నారు కూడా. గోర్కీ వైపే వెళ్లారు. ఇంకో సంగతి. 1929లో ఠాగూర్ కొరియా మీద నాలుగు ముక్కలు రాసి ఇస్తే సియోల్‌లోని 'దోంగా ఇల్బో' పత్రిక అచ్చువేసింది, కొరియా వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అప్పటికే మ్యోంగ్‌హీ కొరియాలో లేరు.

ప్రశ్న: జపాన్‌కి భయపడి పారిపోయిన మనిషిని జపాన్ గూఢచారి అని చంపారని విన్నాను. అదెలా కుదురుతుందండీ? ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదు.
(డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు విన్నది నిజం, అర్థం కాకపోవడంలో మీ తప్పేమీ లేదు. 1937 ఆగస్టు 21న స్టాలిన్, ఆయన ప్రధాని మొలొటోవ్ సంతకాలతో ఒక ఉత్తర్వు వచ్చింది. జపాన్ గూఢచారులు చొరబడకుండా సరిహద్దు ప్రాంతంలోని కొరియా వాళ్లందరినీ ఖాళీ చేయించాలని. ముఖం చూసి కొరియా వాడెవడో జపాన్ వాడెవడో తేల్చలేరు కాబట్టి జాతి మొత్తాన్నే అక్కణ్ణుంచి తరలించేశారు. దాదాపు 1,72,000 మందిని, చంటిపిల్లలతో ముసలివాళ్లతో సహా, సరుకుల బోగీల్లో ఎక్కించి వారాల తరబడి ప్రయాణం చేయించి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లలో దింపారు. చదువుకున్నవాళ్లని, రాసేవాళ్లని మాత్రం విడిగా అరెస్ట్ చేశారు. మ్యోంగ్‌హీని ఖబారొవ్స్క్‌లో సెప్టెంబర్ 18న తీసుకెళ్లారు. 1938 ఏప్రిల్ 15న శిక్ష, మే 11న కాల్చివేత. నేరం ఏంటంటే జపాన్‌కి పనిచేయడం. జీవితమంతా ఎవరిని ఎదిరించారో వాళ్ల మనిషని ముద్ర వేసి చంపారు. ఇది రాస్తుంటే నాకు చేతులు ఆడటం లేదు.

పాత పుస్తకాలు కొన్నింటిలో ఆయన మరణం 1942 అని ఉంటుంది, అది నమ్మకండి. 1956లో ఆయన నిర్దోషి అని సోవియట్ కోర్టే ప్రకటించింది, 1959లో మాస్కోలో ఆయన రచనల సంపుటి కొరియా భాషలో వచ్చింది. ఆయన రాస్తూ ఉన్న నవల ప్రతి మాత్రం దొరకలేదు. సొంత దేశంలో ఇంకా అన్యాయం, అటు కమ్యూనిస్టు దేశాలకి వెళ్లిపోయిన రచయితల పుస్తకాల మీద దక్షిణ కొరియాలో 1988 దాకా నిషేధం. ఆయన పుట్టిన జించన్‌లో ఇప్పుడు ఆయన పేరుతో సాహిత్య భవనం ఉంది.

ఆయన దగ్గర చదువుకున్న కాంగ్ తేసు అనే కుర్ర కవిని కూడా, గోడపత్రికలో పెట్టిన ఒక కవిత కారణంగా, 1938లో కూలి శిబిరానికి పంపారు. ఇంత జరిగినా ఆ భాష అక్కడ చావలేదు. 1932లో వ్లాదివొస్తోక్‌లో మొదలైన కొరియా నాటకశాల ఆ రైళ్లలోనే కజకిస్తాన్ చేరింది, ఇవాళ అల్మాటీలో నడుస్తోంది.

ప్రశ్న: ఏది ముందు చదవమంటారు?
(చాలామంది)

జవాబు: 'నక్తోంగ్ నది'. 1927లో వచ్చిన కథ. ఇంగ్లీషులో దొరికితే ఆ రూపంలోనే చదవండి, ఒక్క పూట పని. ఆ నది ఒడ్డున రెల్లు కోసుకుని బతికే ఊరు, ఆ రెల్లు భూమి ప్రభుత్వం చేతుల్లోంచి ఒక జపాన్ ఆసామికి పోతుంది, దాని కోసం కొట్లాడిన సొంగున్ జైలు దెబ్బలకి చనిపోతాడు. అందరూ సొంగున్ గురించే చెప్తారు గానీ నా మనసు రోసా దగ్గరే ఉంటుంది. ఆమె పశువుల్ని కోసే కులంలో పుట్టింది, ఆ కులాన్ని అక్కడ తరతరాలుగా ఊరికి ఎడంగానే ఉంచారు. బిడ్డ చదువుకుని టీచరైంది, ఇంక మా రాత మారుతుందని అమ్మానాన్నలు మురిసిపోతుంటే ఆమె ఉద్యోగం వదిలేసి ఉద్యమం అంటుంది. ఇంట్లో ఆ గొడవ చదువుతుంటే మన పక్కింట్లో జరుగుతున్నట్టే ఉంటుంది. విప్లవకారిణి రోసా లక్సెంబర్గ్ పేరు మీదుగా ఆ పేరు పెట్టింది సొంగునే. చివర్లో, ఆ ఏటి మొదటి మంచు పడుతున్న పొద్దున, కూపో స్టేషన్ నుంచి ఉత్తరానికి కదిలిన రైల్లో రోసా కిటికీ దగ్గర కూర్చుని వెనక్కి చూస్తూ ఉంటుంది.

ఆ కథ అచ్చయిన ఏడాదికి ఆయనా ఉత్తరానికే వెళ్లిపోయారు.