రిసీవర్ కన్వర్జ్ కాలేదని ఎర్రర్ వస్తే, ఆ గంటను కాదు, ముందు రోజుల్ని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 100 మెగావాట్ల మోల్టెన్ సాల్ట్ టవర్ ప్లాంట్‌ని, అంటే హీలియోస్టాట్‌లనే అద్దాలతో ఎండని టవర్ మీది రిసీవర్‌కి మళ్లించి, అందులో కరిగిన ఉప్పుని వేడిచేసి, ఆ వేడితో కరెంట్ తీసే ప్లాంట్‌ని, ఏడాది పొడవునా గంట గంటకూ సిమ్యులేట్ చేస్తున్నారు. మూడు నాలుగు చోట్ల, అదీ ఉదయం స్టార్టప్ సమయంలో, రిసీవర్ లెక్క కన్వర్జ్ కాలేదంటూ (పదే పదే వేసినా ఒక జవాబు దగ్గర నిలబడలేదంటూ) రన్ ఆగిపోతోంది. ఆ గంటల్లో డీఎన్‌ఐ (సూర్యుడి నుంచి నేరుగా పడే ఎండ, చదరపు మీటరుకు వాట్లలో) బాగానే ఉంది. టాలరెన్స్‌ని, అంటే లెక్కలో ఒప్పుకునే తేడాని, పది రెట్లు వదులు చేస్తే రన్ పూర్తవుతోంది. ఆ ఫలితాన్ని నమ్మొచ్చా అని అడిగారు.

ఇప్పటికైతే నమ్మొద్దు. టాలరెన్స్‌ని మళ్లీ పాత విలువకే తీసుకురండి. మీకు కనబడుతున్న ఎర్రర్ చాలా విలువైన ఆధారం, దాన్ని కప్పేస్తే అసలు తప్పు ఎక్కడుందో తెలిసే దారి మూసుకుపోతుంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, సరిగ్గా ఇలాంటి సమస్యతోనే నేను దాదాపు మూడు వారాలు కష్టపడ్డాను.

మాది సొంతంగా రాసుకున్న డైనమిక్ మోడల్. రెండు ట్యాంకులు (వేడెక్కిన ఉప్పుకి హాట్, తిరిగొచ్చే ఉప్పుకి కోల్డ్), బయటి వైపు నుంచి వేడెక్కే స్థూపాకార రిసీవర్, మామూలు సోలార్ సాల్ట్, అంటే బరువులో 60 శాతం సోడియం నైట్రేట్, 40 శాతం పొటాషియం నైట్రేట్. ఏడాదిలో రెండే రెండు ఉదయాలు రన్ ఆగిపోయేది. నేను ఆ రెండు గంటల మీదే పడ్డాను. సాల్వర్ (సమీకరణాలు తేల్చే పద్ధతి) మార్చాను, మొదటి ఊహ విలువ మార్చాను, టైమ్ స్టెప్‌ని గంట నుంచి పది నిమిషాలకు తగ్గించాను. ఏం చేసినా ఆగడం మాత్రం అక్కడే. డీఎన్‌ఐ, గాలి, ఉష్ణోగ్రత, హీలియోస్టాట్ ఫీల్డ్ సామర్థ్యం అన్నీ మామూలుగానే ఉన్నాయి.

చివరికి ఒక సహోద్యోగి చెప్పిన మాట విని, ఆగిపోయిన గంటకు ముందున్న నాలుగు రోజుల విలువలన్నీ ఒక షీట్‌లోకి తీసి కూర్చున్నాను. రెండు సందర్భాల్లోనూ ముందు వరుసగా మబ్బు రోజులున్నాయి. టర్బైన్ నడవలేదు, కొత్త ఉప్పు తిరిగి రాలేదు, కోల్డ్ ట్యాంక్ మెల్లగా చల్లబడుతూ 286 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. అది ప్లాంట్‌కి ప్రమాదమేమీ కాదు, ఈ ఉప్పు 240 డిగ్రీల చుట్టుపక్కలకు వస్తేనే గడ్డకట్టడం మొదలవుతుంది. ప్రమాదం నేను రాసిన టేబుల్‌లో ఉంది. ఉప్పు గుణాల టేబుల్‌ని డిజైన్ ఉష్ణోగ్రతలు చూసి 290 నుంచి 565 వరకే నింపాను. టేబుల్ దాటిన విలువ అడిగితే లుక్‌అప్ ఫంక్షన్ సున్నా ఇచ్చేది. విశిష్టోష్ణం (కిలో ఉప్పు ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి) సున్నా అయితే కావలసిన ఫ్లో అనంతం. రిసీవర్ ఇక కన్వర్జ్ ఎలా అవుతుంది?

మరి మబ్బు రోజుల్లోనే ఎందుకు ఆగలేదు? ట్యాంక్ వేడి నష్టం లెక్కకు మేం స్థిరమైన సగటు విలువ వాడాం, టేబుల్‌ని వాడేది రిసీవర్ ఒక్కటే. రాత్రి, మబ్బు వేళ రిసీవర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ ఏమీ అడగరు. ఎండ వచ్చి పంపు మొదలైన మొదటి గంటలోనే తప్పు బయటపడింది. మామూలు రోజుల్లో స్టీమ్ జనరేటర్ నుంచి తిరిగొచ్చే ఉప్పు 290కి కాస్త పైనే ఉండేది, అందుకే మిగతా ఏడాదంతా ఏమీ తెలియలేదు. టేబుల్‌ని 240 నుంచి 600 వరకు పొడిగించి, పరిధి దాటితే సున్నా కాకుండా స్పష్టమైన ఎర్రర్ ఇచ్చేలా మార్చాను. రెండు ఉదయాలూ దాటిపోయాయి.

మీవి కూడా ఉదయం స్టార్టప్ గంటలే కాబట్టి మొదట చేయాల్సింది ఇదే. ఆగిన ప్రతి గంటకూ ముందున్న 96 గంటల విలువలు తీయండి. కోల్డ్ ట్యాంక్ ఉష్ణోగ్రత, హాట్ ట్యాంక్ ఉష్ణోగ్రత, రెండింటిలో ఉప్పు పరిమాణం, రిసీవర్ ఫ్లో, డీఎన్‌ఐ చాలు. గ్రాఫ్ గీసి, ఆగిన చోట్లన్నింటిలో కనిపించేది, మిగతా ఏడాదిలో ఎక్కడా కనబడనిది ఏమిటో వెతకండి. ఏదైనా ట్యాంక్ కనీస మట్టానికి చేరిందేమో ముఖ్యంగా చూడండి. కోల్డ్ ట్యాంక్ దాదాపు ఖాళీ అయి ఉంటే రిసీవర్‌కు పంపడానికి ఉప్పే ఉండదు, అయినా కంట్రోలర్ ఫ్లో అడుగుతూనే ఉంటుంది.

ఇలా చూసినా ఏమీ దొరక్కపోతే వెదర్ ఫైల్ (ఎండ, గాలి, ఉష్ణోగ్రత విలువలుండే ఫైల్) మీదికి వెళ్లండి. నా అనుభవంలో ఎక్కువ తప్పులు అక్కడే దొరికాయి, అవి చాలాసార్లు ఎర్రర్ కూడా ఇవ్వవు. రన్ శుభ్రంగా పూర్తవుతుంది, అంకె తప్పు వస్తుంది. ఆగిపోయే మోడల్ కన్నా నాకు అదే ఎక్కువ టెన్షన్.

మొదట వరుసలు లెక్కపెట్టండి. గంటల డేటా అయితే 8760 ఉండాలి, 8784 ఉంటే ఫిబ్రవరి 29 అలాగే ఉండిపోయిందని అర్థం. తర్వాత ఒక చిన్న పరీక్ష చేయండి. గ్లోబల్ రేడియేషన్ (నేల మీద పడే మొత్తం ఎండ) అంటే డిఫ్యూజ్‌కి (ఆకాశంలో చెదిరి వచ్చే వెలుగుకి), డీఎన్‌ఐని సూర్యుడి జెనిత్ కోణం (నడినెత్తి నుంచి సూర్యుడికి ఉన్న కోణం) కొసైన్‌తో గుణించి కలిపినది. మీ ఫైల్లోని గ్లోబల్ విలువలోంచి ఈ మొత్తాన్ని తీసేసి, మిగిలిన తేడాని ఒక నిర్మలమైన రోజుకు గీయండి. తేడా సున్నా చుట్టూ ఉంటే మంచిదే. ఉదయం ఒక వైపుకి, సాయంత్రం రెండో వైపుకి వంగితే మాత్రం సమయం జరిగిందన్నమాట. టైమ్ జోన్ తప్పు కావచ్చు, రేఖాంశం గుర్తు తారుమారు కావచ్చు, లేదా అరగంట తేడా కావచ్చు.

ఈ అరగంట తేడాని చాలామంది పట్టించుకోరు. డేటా ఇచ్చేవాళ్లు గంట మొత్తం సగటుని గంట చివరి సమయంతో రాస్తారు, మోడల్ ఏమో ఆ సమయానికే సూర్యుడి స్థానం లెక్కిస్తుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు, అంటే అరగంటకు ఏడున్నర డిగ్రీలు. మధ్యాహ్నం దీని ప్రభావం తక్కువే. ఉదయం, సాయంత్రం మాత్రం హీలియోస్టాట్ ఫీల్డ్ సామర్థ్యం నిటారుగా మారుతుంటుంది కాబట్టి, సూర్యుడు క్షితిజం కిందే ఉన్నాడని మోడల్ అనుకునే గంటలో 200 వాట్ల డీఎన్‌ఐ కనిపించడం లాంటివి జరుగుతాయి. స్టార్టప్ గంటల్లో వచ్చే వింతల్లో కొన్నింటికి మూలం ఇదే.

లేని డేటాకు బదులు పెట్టే అంకెల కోసం కూడా వెతకండి: -999, 9999, 99.9 లాంటివి. ఒకసారి నా ఫైల్లో గాలి వేగం 99.9 అని కొన్ని పదుల గంటలు ఉండిపోయింది. గాలి మరీ ఎక్కువైతే హీలియోస్టాట్‌లను పడుకోబెట్టాలి కదా, మోడల్ బుద్ధిగా ఆ పనే చేసింది. మంచి ఎండలో ఉత్పత్తి సున్నా, ఒక్క వార్నింగ్ కూడా లేదు. వాతావరణ పీడనం యూనిట్ కూడా చూడండి. సముద్ర మట్టంలో మిల్లీబార్లలో అయితే 1013 దగ్గర ఉండాలి, 101300 కనిపిస్తే అది పాస్కల్. డీఎన్‌ఐ 1100 వాట్లు దాటితే అనుమానించండి, వాతావరణం బయటే అది సుమారు 1361.

ఇక డిజైన్ పాయింట్, అంటే ప్లాంట్ కొలతలు ఏ స్థితికి లెక్కగడతారో అది. కాగితం మీద ఒకసారి చేత్తో లెక్క వేయకుండా ఏ టవర్ మోడల్‌నీ రన్ చేయొద్దని నేను గట్టిగా నమ్ముతాను. మీరు గ్రాస్ (ప్లాంట్ సొంత వాడకం తీయకముందు ఉత్పత్తి, తీసేశాక మిగిలేది నెట్), సైకిల్ సామర్థ్యం (వేడిలో ఎంత భాగం కరెంట్ అవుతుందో), సోలార్ మల్టిపుల్ (సైకిల్‌కి కావలసిన వేడికి రిసీవర్ ఇచ్చే వేడి ఎన్ని రెట్లో) చెప్పలేదు కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. గ్రాస్ 115 మెగావాట్లు, సైకిల్ సామర్థ్యం 41.2 శాతం అనుకుంటే సైకిల్‌కి కావలసిన వేడి 279 మెగావాట్లు. సోలార్ మల్టిపుల్ 2.4 అయితే రిసీవర్ 670 మెగావాట్లు ఇవ్వాలి. ఉప్పు 290 నుంచి 574 డిగ్రీలకు వేడెక్కితే, విశిష్టోష్ణం కిలోకు సుమారు 1.52 కిలోజౌళ్లు కాబట్టి, ప్రతి కిలో దాదాపు 431 కిలోజౌళ్లు మోస్తుంది. అంటే రిసీవర్ ఫ్లో సెకనుకు 1,550 కిలోల దగ్గర ఉండాలి. పది గంటల స్టోరేజ్‌కి ఉప్పు సుమారు 23,300 టన్నులు. డిజైన్ డీఎన్‌ఐ 950, ఫీల్డ్ సామర్థ్యం 60 శాతం, రిసీవర్ 89 శాతం అనుకుంటే అద్దాలు దాదాపు 13 లక్షల చదరపు మీటర్లు.

మీ మోడల్ చూపించే అంకెలు మీ ఇన్‌పుట్‌లతో వేసిన ఇలాంటి లెక్కకు పది పదిహేను శాతం లోపల ఉంటే మంచిది. రెండు రెట్లు తేడా ఉంటే ఏదో ఇన్‌పుట్ అర్థాన్ని మీరు ఒకలా, మోడల్ ఇంకోలా తీసుకుంటున్నట్లు. గ్రాస్‌కి బదులు నెట్ ఇచ్చారేమో చూడండి. వెయ్యి రెట్లు తేడా ఉంటే అది కిలోజౌల్, జౌల్ తికమకే. అమెరికా ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్ తయారుచేసిన సామ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో సొంత ద్రవం టేబుల్ ఇస్తే విశిష్టోష్ణం కిలోజౌళ్లలో, ఎంథాల్పీ (కిలో ద్రవంలో ఉన్న మొత్తం వేడి శక్తి) జౌళ్లలో ఇవ్వాలి. ఒకే టేబుల్‌లో పక్కపక్కనే రెండు రకాల యూనిట్లు కాబట్టి అక్కడ పొరపాటు చాలా తేలిక.

టవర్ మోడళ్లలో ఇంకొక సంగతి. సోలార్ మల్టిపుల్, డిజైన్ డీఎన్‌ఐ, టవర్ ఎత్తు, రిసీవర్ కొలతలు, వీటిలో ఏది మార్చినా హీలియోస్టాట్ ఫీల్డ్‌ని మళ్లీ రూపొందించాలి. పాత లేఅవుట్ అలాగే ఉండి రిసీవర్ మాత్రం చిన్నదైతే, దాని మీద పడే ఫ్లక్స్ (ఒక్కో చదరపు మీటరు మీద పడే ఎండ శక్తి) అతిగా పెరుగుతుంది. మోల్టెన్ సాల్ట్ రిసీవర్‌కు సాధారణంగా చదరపు మీటరుకు 1000 కిలోవాట్ల చుట్టుపక్కల పరిమితి పెడతారు. అద్దాలన్నింటినీ ఒకే బిందువుకి గురిపెట్టే పద్ధతి ఎంచుకుని ఉంటే ఆ పరిమితి ఇంకా సులువుగా దాటుతుంది. అప్పుడు ట్యూబ్ గోడ ఉష్ణోగ్రత గుణాల టేబుల్ పై అంచుని కూడా దాటిపోవచ్చు, మీకు కనిపించేది మాత్రం అదే పాత సందేశం, కన్వర్జ్ కాలేదని.

ఆగుతూ సాగుతూ వేల ఈవెంట్‌లు (ఆన్, ఆఫ్ లాంటి మార్పులు) చూపిస్తూ నడిచే రన్ అయితే అది వేరే జబ్బు. నేను మోడెలికా అనే మోడలింగ్ భాషలో పని చేసినప్పుడు చూశాను. రిసీవర్ మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఒకే డీఎన్‌ఐ పరిమితి పెడితే, డీఎన్‌ఐ ఆ అంకె దగ్గర ఊగిసలాడినప్పుడల్లా కంట్రోలర్ ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. రెండు వేర్వేరు పరిమితులు పెట్టండి, మొదలుకి ఎక్కువ, ఆపడానికి తక్కువ. నిజమైన ప్లాంట్‌లోనూ స్టార్టప్‌కి కొంత సమయం, కొంత వేడి ఖర్చవుతాయి, వాటిని సున్నా అని వదిలేయొద్దు.

రాత్రిపూట నెట్ ఉత్పత్తి నెగెటివ్‌గా వస్తోందని కూడా రాశారు. అది తప్పు కాదు. పంపులు, ట్యాంక్ హీటర్లు, పైపులకు చుట్టిన హీట్ ట్రేసింగ్ రాత్రి కూడా కరెంట్ తింటాయి.

ఇన్ని చూసినా పట్టు దొరక్కపోతే, సాఫ్ట్‌వేర్‌తో వచ్చే డిఫాల్ట్ కేస్ తెరవండి. అది నడుస్తుంది. మీ ఇన్‌పుట్‌లలో సగం దానిలో పెట్టి రన్ చేయండి. ఆగితే తప్పు ఆ సగంలోనే ఉందని, ఆగకపోతే రెండో సగంలో ఉందని తేలుతుంది. అలా సగం సగం చేసుకుంటూ పోతే వంద ఇన్‌పుట్‌లున్నా ఏడు రన్‌లలో దొరుకుతుంది. కొన్ని ఇన్‌పుట్‌లు జంటగా మారాలి, ట్యాంక్ ఉష్ణోగ్రతలూ రిసీవర్ ఉష్ణోగ్రతలూ లాంటివి, వాటిని విడదీయకండి. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్‌ని కొత్త వెర్షన్‌లో తెరిచి ఉంటే, తెరిచేటప్పుడు ఏ ఇన్‌పుట్ పేరు మారిందో, దేనికి డిఫాల్ట్ విలువ పడిందో చూపించే నివేదికని తప్పకుండా చదవండి. నేను ఒకసారి దాన్ని చదవకుండా మూసేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

రన్ పూర్తయ్యాక కూడా ఏడాది మొత్తానికి వేడి లెక్క సరిచూడండి. రిసీవర్ పీల్చుకున్న వేడిలోంచి రిసీవర్, పైపులు, ట్యాంకుల నష్టాలు, స్టార్టప్‌కి పోయింది, సైకిల్‌కి వెళ్లింది తీసేసి, ట్యాంక్ హీటర్లు ఇచ్చింది కలపండి. ఏడాది మొదటికీ చివరికీ ట్యాంకుల్లో నిల్వ తేడాని కూడా చూసుకుంటే, మిగిలేది ఒక శాతం లోపే ఉండాలి. టాలరెన్స్ వదులు చేసిన మీ రన్‌కి ఈ లెక్క వేసి చూడండి, ఎంత వేడి మాయమవుతోందో మీకే కనిపిస్తుంది.

ఆగిన మూడు నాలుగు గంటల నంబర్లు, వాటి ముందు నాలుగు రోజుల కోల్డ్ ట్యాంక్ ఉష్ణోగ్రత, మీ ద్రవం టేబుల్ మొదటి వరుస, చివరి వరుస ఇక్కడ పెట్టండి. సామ్‌లో చేశారో సొంత కోడ్‌లో చేశారో కూడా చెప్పండి. చూసి మళ్లీ రాస్తాను.