ఐదు లక్షల విల్లా, అమ్మాయి అభ్యంతరం

ప్రశ్న: మాది కాకినాడ. నేను లెక్చరర్‌ని, మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి. వచ్చే ఏడాది నవంబరుకు మా పెళ్ళయి పాతికేళ్ళు. ఇంకా 14 నెలల టైముంది. మాల్దీవుల్లో నీళ్ళ మీద కట్టిన విల్లాలో నాలుగు రాత్రులు, విమానాలతో కలిపి 5 లక్షలని టూర్ కంపెనీ వాళ్ళు చెప్పారు. 3 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతా 2 లక్షలు నో కాస్ట్ ఈఎంఐలో కట్టాలనుకుంటున్నాం. ఖర్చులు పోను నెలకు 35 వేలు మిగులుతుంది. కానీ ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి, ‘నాలుగు రోజుల కోసం రెండు విమానాలు, ఒక సీప్లేనా? అక్కడివాళ్ళకు మీవల్ల ఒరిగేదేంటి?’ అంటోంది. మాకు దర్జాగా గడపాలనుంది. ఎవరికీ భారం కాకూడదనీ ఉంది. రెండూ కుదురుతాయా?

జవాబు: మాస్టారూ, కుదురుతాయి. కాకపోతే దానికి 5 లక్షలు అక్కర్లేదు, అప్పు అసలే అక్కర్లేదు.

ముందు ఆ ఎఫ్‌డీ సంగతి. వేరే పొదుపు ఉందని మీరు రాయలేదు కాబట్టి, రేపు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే చేతికందేది ఆ 3 లక్షలే అనుకుంటున్నాను. దాన్ని ముట్టుకోకండి. ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. వడ్డీ ఎక్కడో ఓ చోట ఉంటుంది. టూరు ధరలో కలిపేస్తారు, లేదా మొత్తం ఒకేసారి కట్టేవాళ్ళకు ఇచ్చే తగ్గింపును మీకు ఇవ్వరు. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ. ‘డబ్బంతా ఇప్పుడే కడితే ఎంతకిస్తారు?’ అని వాళ్ళనే అడిగి చూడండి, తేడా ఎంతో తెలిసిపోతుంది.

ఈ నెలలోనే 25 వేలకు రికరింగ్ డిపాజిట్ తెరవండి. 14 నెలలకు అసలు 3,50,000. ఆరు శాతం వడ్డీ వేసుకున్నా 3,60,000 దాటుతుంది. నెలకు 10 వేలు ఇంకా చేతిలో ఉంటాయి. పద్నాలుగు నెలల్లో కావలసిన డబ్బును షేర్ల ఫండ్లలో పెట్టమని ఎవరైనా అంటే వినకండి. పెళ్ళిరోజు మార్కెట్ కోసం ఆగదు.

ఇప్పుడు మీ అమ్మాయి మాట. నేను ఆవిడ పక్షమే, కానీ ఆవిడ చెప్పిన కారణంతో కాదు. మాల్దీవుల్లో ఉన్నదేదో దోషమని కాదు. రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ టాక్స్ వాళ్ళూ తీసుకుంటున్నారు. నా బాధంతా మీ 5 లక్షల్లో పెద్ద ముక్క రానూపోనూ దారిలోనే అయిపోతోందని. దర్జా అంటే నా లెక్కలో ఉన్నచోట తీరిగ్గా ఉండటం. అన్నట్టు, ఎప్పుడైనా బిజినెస్ క్లాస్ మీదకు మనసు పోతే ఇది గుర్తుంచుకోండి. దూర ప్రయాణంలో ఆ సీటు వాటాకు వచ్చే విమానం పొగ మామూలు సీటుకు దాదాపు మూడు రెట్లు. టికెట్టుతోపాటు ‘కార్బన్ ఆఫ్‌సెట్’ అని, అంటే ఆ పొగకు బదులు చెట్లు పెంచడం లాంటి పనులకని, మూడు నాలుగు వందలు అడుగుతారు, ఇష్టమైతే ఇవ్వండి. కానీ గోదావరిలో మునిగితే పోయే పాపం కాదది.

నా సలహా భూటాన్, ఏడు రాత్రులు. పర్యాటకులకు 1974లో తలుపులు తెరిచినప్పటి నుంచీ ఆ దేశానిది ఒకటే పట్టు: తక్కువమంది రావాలి, వచ్చినవాళ్ళు సరిగ్గా ఖర్చు పెట్టాలి. అందుకే ఎస్‌డీఎఫ్ అని రాత్రికింత రుసుము. మన భారతీయులకు మనిషికి 1,200 రూపాయలు. అమెరికా పాస్‌పోర్టున్న మీ బంధువులెవరైనా తోడు వస్తామంటే వాళ్ళకు ప్రస్తుతం 100 డాలర్లని ముందే చెప్పండి. మీ ఇద్దరికీ ఏడు రాత్రులకు 16,800. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు చేరి అక్కడి ఉచిత వైద్యానికీ, చదువులకూ, అడవులకూ వెళుతుంది. దేశంలో అరవై శాతానికి తగ్గకుండా అడవి ఉండాలని 2008 నాటి వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ‘అక్కడివాళ్ళకు ఒరిగేదేంటి’ అన్న అమ్మాయికి ఆ రసీదు చూపించండి.

ఇంకో లాభం, దీన్ని టూర్ కంపెనీలు చెప్పవు: వాళ్ళ నుల్ట్రమ్‌కూ మన రూపాయికీ విలువ సమానం. డాలరు ఎటు పోయినా మీకు బెంగ లేదు, మారకంలో కోత లేదు. యూపీఐ కూడా పనిచేస్తుంది.

దక్షిణాది నుంచి ఈశాన్యానికి వెళ్ళే రైళ్ళు మీ సామర్లకోట మీదుగానే న్యూ జల్‌పాయిగురి చేరతాయి. సెకండ్ ఏసీలో ఒక రోజు పైన పడుతుంది, ఇద్దరికీ రానూపోనూ 12 వేలకు అటూఇటూ. అక్కడి నుంచి నాలుగైదు గంటల కారు ప్రయాణంలో సరిహద్దు ఊరు ఫుంత్‌షోలింగ్. సరిహద్దు దాటాక కారూ, గైడూ భూటాన్ వాళ్ళనే పెట్టుకోండి, 60 వేలు కేటాయించండి. దారిలో మనవైపు జల్దాపార దగ్గర ఒక రాత్రి ఆగి ఖడ్గమృగాలు చూస్తామంటే మంచిదే. అయితే గది 7,500 దాటకుండా చూసుకోండి. 7,500 గదికి జీఎస్టీ 5 శాతం, అంటే 375. అదే 7,600 అయితే 18 శాతం, 1,368. వంద రూపాయల గది తేడాకు వెయ్యి పన్ను!

దర్జా ఎక్కడ? మూడు రాత్రులు 35 వేల గదిలో, మిగతా నాలుగూ 12 వేల గదుల్లో ఉండండి. మొత్తం 1,53,000. ఆ మూడు రాత్రుల్లో రెండు ఫోబ్జిఖా లోయలో పెట్టుకోమంటాను. టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు మీరు వెళ్ళే రోజులకే ఆ లోయలో దిగుతాయి. ఏటా నవంబరు 11న వాటి పేరిట గాంతే గోంపా అనే బౌద్ధ మఠం ముంగిట పండగ. ఆ పక్షులు తగులుకుంటాయని కరెంటు తీగలను భూమిలోంచి వేశారు. పొద్దున్నే కిటికీ తెరిస్తే లోయ పొడవునా ఒక్క స్తంభం కూడా అడ్డురాదు. తేలినీలాపురంలో కొంగల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకునే మన సిక్కోలు వాళ్ళకు ఇది వింతగా అనిపించదేమో.

సాయంత్రం రైతు ఇంట్లో రాళ్ళ స్నానం చేయండి. ఏటి రాళ్ళను కట్టెల మంటలో ఎర్రగా కాల్చి, పెద్ద పటకారుతో చెక్క తొట్టిలో ఒక పక్కకు జారవిడుస్తారు. రాయి చుయ్యిమంటుంది, ఆకుల వాసనతో ఆవిరి లేస్తుంది. అడ్డంగా కొట్టిన పలకకు ఇవతల మీరు మెడదాకా వేడినీళ్ళలో. ఆ డబ్బు నేరుగా ఆ ఇల్లాలి చేతికే వెళుతుంది. భోజనం గురించి భయం వద్దు. మిరపకాయల్నే కూరగా వండుకునే దేశమది.

పచ్చబోర్డు పెట్టిన ప్రతి హోటలూ పచ్చనిది కాదు. ఒకసారి నేను ‘ఎకో’ కాటేజీకి రాత్రికి రెండు వేలు ఎక్కువిచ్చి వెళితే, మంచం పక్కన ఆరు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. బుక్ చేసేముందు ఫోన్ చేసి, మురుగు ఎటు పోతుంది, కూరగాయలు ఎక్కడివి, మేనేజరుది ఏ ఊరు అని అడగండి. తెలిసినవాళ్ళు తడుముకోరు.

తిండికీ కొనుగోళ్ళకూ 50 వేలు వేసుకున్నా 2,92,000 దగ్గర తేలుతుంది. ఇన్సూరెన్సుకూ, జల్దాపారకూ, అనుకోని ఖర్చులకూ 68 వేలు మిగిలే ఉన్నాయి. టూర్ కంపెనీ ద్వారా వెళితే టీసీఎస్ అని కొంత ఆదాయపు పన్ను ముందే పట్టుకుంటారు. అది పోయినట్టు కాదు, మీ పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు.

చివరగా ఒకటి. అక్కడ ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి. మీ శ్రీమతి ఓటరు కార్డులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంటే, ఆర్‌డీ తెరిచిన రోజే పేరు మార్పు దరఖాస్తు కూడా పెట్టేయండి.