శ్రావణికి, పాలపొడి డబ్బా గురించి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

అణు ప్రమాదాలు జరిగినప్పుడు పాలు, నీళ్లు, మట్టి నమూనాలలోని రేడియోధార్మికతను కొలిచే ప్రయోగశాలలో చేరబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల నా దారిలోకి వస్తోందన్న సంతోషం ఎంత ఉందో, బెంగ కూడా అంతే ఉంది.

ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే డోసిమీటర్ లేకుండా లోపల అడుగు పెట్టకు. చీటీ అంటించని నమూనాను బల్ల మీదికి రానీయకు. ఇలాంటివి వాళ్లే నేర్పుతారు.

నేర్పినా మనసుకెక్కనిది ఒకటుంది. నువ్వు రెండేళ్ల పిల్లగా మా ఇంట్లో ఉన్న రోజుల్లో, ప్రయోగశాలల ఫలితాలను పోల్చిచూసే పరీక్ష కోసం మాకొక పాలపొడి డబ్బా వచ్చింది. ధార్మికత తక్కువగా ఉందని దాన్ని గామా కిరణాలను పట్టే జెర్మేనియం డిటెక్టర్‌కు ఆనించి పెట్టి రాత్రంతా లెక్కించాను. అందులోని రెండు రేడియోధార్మిక సీజియం రకాల్లో సీజియం-137 సరిగ్గా వచ్చింది. సీజియం-134 మాత్రం ఐదో వంతు తక్కువ వచ్చింది. ఒకటి సరిపోయాక రెండోది ఎలా తప్పుతుందని వాదించి, పంపినవాళ్ల విలువే తప్పని మూడు వారాలు మొండికేశాను.

లోపం నా కాలిబ్రేషన్‌లో, అంటే తెలిసిన రేడియోధార్మిక మూలాలతో పరికరాన్ని సరిచూసుకోవడంలో ఉంది. సీజియం-137 నుంచి మనం లెక్కించే గామా కిరణం 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఉండేది ఒక్కటే. సీజియం-134 అలా కాదు, ఒకే విఘటనలో 605, 796 కిరణాలను దాదాపు ఒక్కసారే విడుస్తుంది. నమూనా మరీ దగ్గరగా ఉంటే ఆ రెండూ కలిసి డిటెక్టర్‌లో పడి 1401 దగ్గర ఒకే సంకేతంగా నమోదవుతాయి కాబట్టి, గ్రాఫులో 605, 796 దగ్గర లేచే రెండు శిఖరాల్లోనూ లెక్క తగ్గిపోతుంది. నేను కాలిబ్రేషన్‌కు వాడిన మూలాలన్నీ ఒంటి కిరణానివే కావడంతో ఆ నష్టం నాకు ఎక్కడా కనబడలేదు. చివరికి ఒక సహోద్యోగి డబ్బాను 20 సెంటీమీటర్ల దూరం జరిపి, మూడు రోజులు లెక్కించి, ఫలితం కాగితాన్ని మాట్లాడకుండా నా ముందు పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ నీకు పాలు తాగిస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

2011లో ఫుకుషిమా అణు ప్రమాదంలో ఈ రెండు సీజియంలూ దాదాపు సమానంగా వెలువడ్డాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి జపాన్ పాలకు పెట్టిన పరిమితి, రెండూ కలిపి, కిలోకు 50 బెకరెల్‌లు (సెకనుకు ఒక విఘటన అంటే ఒక బెకరెల్). ఒక్కొక్కటి 27 చొప్పున ఉన్న పాలు ఆ పరిమితిని దాటినట్టే. నా పద్ధతిలో కొలిస్తే అవే పాలు 49కి లోపల ఆగి, పిల్లల గ్లాసుల్లోకి వెళ్లిపోతాయి.

అందుకని, జాతీయ ప్రమాణాలతో సరిచూసిన సీజియం-134 ద్రావణాన్ని ముందే తెప్పించుకుని, నువ్వు రోజూ వాడే డబ్బాలోనే, అదే ఎత్తుకు నింపి కాలిబ్రేట్ చెయ్యి. మన దేశంలో ఆ ప్రమాణాలను ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం చూస్తుంది. సీజియం-134 అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోయే కాలం, సుమారు రెండేళ్లే కనుక, ధ్రువపత్రం మీది తేదీ నుంచి క్షయాన్ని లెక్కగట్టడం మరవకు. పాలపొడికి తీసిన డిటెక్టర్ సామర్థ్యాన్ని (వెలువడే కిరణాల్లో అది పట్టే వంతును) మట్టికి వాడకు. ప్రమాదం జరిగాక వీటికోసం ఉత్తరాలు రాస్తూ కూర్చునే వ్యవధి ఉండదమ్మా.

నిన్ను బయటికి కూడా పంపుతారని విన్నాను. నా భయమంతా అక్కడే. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, వదిలేసిన చికిత్సాలయం నుంచి తెచ్చిన సీజియం మూలాన్ని పాత సామాన్లవాళ్లు విప్పారు. కొలవడానికి వెళ్లిన భౌతిక శాస్త్రవేత్త, మీటరును ఎటు తిప్పినా ముల్లు చివరికే కొట్టుకోవడంతో అది పాడైందనుకుని, వెనక్కి వెళ్లి ఇంకొకటి తెచ్చాడు. అదీ అంతే చూపింది. అప్పుడు నలుగురు చనిపోయారు, లక్షకు పైగా జనాన్ని పరీక్షించవలసి వచ్చింది. నువ్వు బయలుదేరే ప్రతిసారీ మీటరును తెలిసిన మూలం ముందు పెట్టి చూసుకో. ఆ తర్వాత ముల్లు చివరికి పోతే, మీటరును అనుమానించకుండా వెంటనే వెనక్కి రా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ మొదటి కాలిబ్రేషన్ గ్రాఫు తీసుకురా. కళ్లద్దాలు మార్పించుకున్నాను, ఇద్దరం కూర్చుని ఒక్కో బిందువూ చూద్దాం.

మీ పెదనాన్న